వై నొక్కాను, తలుపు మూసుకుంది

మొన్న శనివారం ఉదయం నా కంప్యూటర్ నన్ను గుమ్మంలోనే ఆపేసింది. ఒక ఫాంటు పెట్టుకుందామని సుడోతో, అంటే లినక్స్‌లో పూర్తి అధికారంతో పని చేయించే ఏర్పాటుతో, కమాండ్ ఇచ్చి పాస్‌వర్డ్ కొట్టాను. మీ పేరు సుడోయర్స్ ఫైలులో లేదు, ఈ సంగతి పైకి తెలియజేస్తాం అని జవాబు వచ్చింది. సుడో వాడే అధికారం ఎవరికుందో రాసి ఉండే ఫైలు అది. వేలు జారిందేమోనని మళ్లీ కొట్టాను. అదే జవాబు. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెప్పి ఇంకో అవకాశం ఇస్తుంది. ఇది అలా కాదు. నువ్వెవరో తెలుసు, నీకు అధికారం లేదు, అంతే అంటోంది.

ముందు రోజు రాత్రి నా కంప్యూటర్‌లోని లినక్స్ రకం డెబియన్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాను. వందల ప్యాకేజీలు వరసగా దిగుతున్నాయి, నాకేమో నిద్ర ముంచుకొస్తోంది. మధ్యలో ఒకచోట ఆగి అడిగింది: /ఈటీసీ/సుడోయర్స్ ఫైలును మీరు మార్చుకుని ఉన్నారు, ప్యాకేజీతో కొత్త ప్రతి వచ్చింది, ఏది ఉంచమంటారు? వై నొక్కితే కొత్తది, ఎన్ నొక్కితే మీది, డి నొక్కితే రెండింటికీ తేడా చూపిస్తుంది. ఏదీ నొక్కకుండా ఎంటర్ కొడితే మీదే ఉంచుతుంది. అంటే అసలు ఆలోచించని మనిషికి ఏ ప్రమాదమూ లేదు. నేను సగం ఆలోచించాను. కొత్తదంటే మంచిదే కదా అని వై నొక్కేశాను.

ఆ ఫైలులో నేను మార్చినది ఒకే ఒక్క వరుస. నా అధికారమంతా దాని మీదే వేలాడుతోందన్న సంగతి మరిచిపోయాను. డెబియన్ పెట్టేటప్పుడు సర్వాధికారాలున్న రూట్ ఖాతాకు పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే ఆ ఖాతాకు తాళం పడుతుంది, మొదటి యూజర్‌ను సుడో వాడగలవాళ్ల గ్రూపులో (పేరు కూడా సుడోనే) చేరుస్తుంది. నేనలాగే చేశాను. తర్వాత వేరే పేరుతో రెండో ఖాతా తెరిచి, దాన్ని గ్రూపులో చేర్చే బదులు తొందరలో సుడోయర్స్ చివర ఒక వరుస రాశాను. కొన్నాళ్లకు మొదటి ఖాతా తీసేశాను.

ఇక దారులు వెతకడం మొదలైంది. రూట్‌గా మారడానికి ఎస్‌యూ కొడితే రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అసలు లేని పాస్‌వర్డ్ ఎక్కడినుంచి తేవాలి? సుడో లాంటిదే ఇంకోటి, పీకేఎగ్జెక్, అది కూడా సుడో గ్రూపులో ఉన్నవాళ్లనే అధికారులుగా లెక్కిస్తుంది. మెనూలోంచి రీస్టార్ట్ చేసి, కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో రికవరీ మోడ్ ఎంచుకున్నాను. రూట్ ఖాతాకు తాళం ఉంది కాబట్టి కన్సోల్ తెరవలేం అంది. ఆపదలో వాడమని పెట్టిన తలుపుకి కూడా అదే తాళం వేసినవాళ్ల మీద నాకు నిజంగానే కోపం వచ్చింది.

చివరికి పాత పద్ధతే దిక్కయింది. గ్రబ్ మెనూలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం నొక్కితే బూట్ వరుసలు ఎడిటర్‌లో తెరుచుకుంటాయి. లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివరికి వెళ్లి, ఒక ఖాళీ వదిలి, ఇనిట్=/బిన్/బ్యాష్ అని చేర్చాను. (తెలుగులో పలికినట్టు రాస్తున్నాను, టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే.) కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కగానే బూట్ మొదలైంది. మామూలుగా సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ లేచాక మొదటి ప్రోగ్రాముగా (దాన్నే ఇనిట్ అంటారు) సిస్టమ్‌డీని పిలుస్తుంది, అది లాగిన్ తెర దాకా తీసుకొస్తుంది. ఇక్కడ సిస్టమ్‌డీ స్థానంలో, మనం కొట్టే కమాండ్లు అందుకునే బ్యాష్ వచ్చి కూర్చుంది. అడిగేవాళ్లు లేరు. నల్లటి తెర మీద హ్యాష్ గుర్తు ఒకటి వెలిగింది, అంటే నేనిప్పుడు రూట్‌ను. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే చెల్లుతుంది, డిస్కు మీద ఏమీ మిగలదు.

కీబోర్డు దగ్గరికి వచ్చిన ఎవరైనా ఇదే పని చేయగలరు. డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటేనో, గ్రబ్‌కు పాస్‌వర్డ్ ఉంటేనో తప్ప అడ్డు లేదు. నాకు రెండూ లేవు. ఆ రోజుకి అదే నా అదృష్టం.

ఈ స్థితిలో డిస్కు చదవడానికి మాత్రమే తెరుచుకుని ఉంటుంది. మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ / అని కొట్టాకే రాయనిస్తుంది. తర్వాత ఈటీసీ డైరెక్టరీలో ఏమున్నాయో చూశాను. సుడోయర్స్ పక్కనే సుడోయర్స్.డీపీకేజీ-ఓల్డ్ అని ఇంకో ఫైలు కనిపించింది. నేను వై నొక్కినప్పుడు పాత ఫైలు ఎక్కడికీ పోలేదు, పేరు మార్చుకుని అక్కడే ఉంది. నా వరుస అందులో భద్రంగా ఉంది.

దాన్నే తిరిగి పెట్టేస్తే పది నిమిషాల్లో పని అయిపోయేది. కానీ ఈసారైనా పద్ధతిగా చేద్దామనిపించింది. సొంత మార్పులను సుడోయర్స్.డి అనే డైరెక్టరీలో విడి ఫైలుగా ఉంచడం మంచిది, అప్పుడు అప్‌డేట్లు వాటి జోలికి రావు. లోకల్.కాన్ఫ్ అనే ఫైలు తెరిచి నా వరుస అందులో రాశాను. సుడోయర్స్ ఫైళ్లలో తప్పులు పట్టే విసుడో -సి తో సరిచూస్తే అంతా సరిగ్గా ఉందంది. రాసినదంతా డిస్కుకు చేరాలని సింక్ కొట్టాను. తర్వాత అలవాటు కొద్దీ ఎగ్జిట్ కొట్టాను. ఇనిట్ స్థానంలో ఉన్న బ్యాష్ మూతపడితే కెర్నల్ ఊరుకుంటుందా? తెర నిండా కెర్నల్ పానిక్, అంటే కెర్నల్ చేతులెత్తేసింది. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపాను.

మళ్లీ లాగిన్ అయి సుడో కొట్టాను. మీ పేరు సుడోయర్స్ ఫైలులో లేదు.

కాసేపు తెరకేసి చూస్తూ కూర్చున్నాను. మళ్లీ గ్రబ్, మళ్లీ బ్యాష్, మళ్లీ రీమౌంట్. విసుడో జవాబును ఈసారి నిదానంగా చదివాను. సరిచూసిన ఫైళ్ల పేర్లన్నీ అది వరసగా చెబుతుంది. సుడోయర్స్ ఉంది, సుడోయర్స్.డిలోని రీడ్‌మీ ఉంది, నా ఫైలు మాత్రం లేదు. ఆ డైరెక్టరీలో పేరులో చుక్క ఉన్న ఫైళ్లను సుడో చదవదు. ఎడిటర్లు వదిలేసే బ్యాకప్ ఫైళ్లు పొరపాటున అమల్లోకి రాకూడదని ఆ నియమం. ఆ సంగతి అక్కడి రీడ్‌మీలోనే రాసి ఉంది. రీడ్‌మీ అనే పేరున్న ఫైలును నేను చదవలేదు.

పేరులోంచి చుక్క తీసేశాను. ఇంకెప్పుడూ ఒక్క వరుస మీద ఆధారపడకూడదని యూజర్‌మాడ్ -ఏజీ తో నా ఖాతాను సుడో గ్రూపులో కూడా చేర్చాను. ఆ రెండక్షరాల్లో 'ఏ' అనేది చాలా ముఖ్యం. అది లేకుండా జీ ఒక్కటే పెడితే కొత్త గ్రూపు వచ్చి, అప్పటిదాకా ఉన్న మిగతా అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి. ఈసారి ఎగ్జిట్ జోలికి పోకుండా ఎగ్జెక్ /ఎస్‌బిన్/ఇనిట్ అని కొట్టాను. బ్యాష్ తన చోటును సిస్టమ్‌డీకి అప్పగించి తప్పుకుంది, మామూలు లాగిన్ తెర వచ్చింది.

సుడో పనిచేసింది. ఫాంటు దిగింది. ఈ కంప్యూటర్‌లో లోపలి ఉత్తరాల ఏర్పాటు ఒకటి ఉంది. రూట్ పెట్టె తెరిచి చూస్తే ఉత్తరాలు మూడు. మూడూ నా మీద ఫిర్యాదులే, ఏ తేదీన, ఏ సమయానికి, ఏ కమాండ్‌తో అధికారం లేకుండా ప్రయత్నించానో వివరంగా. పైకి తెలియజేస్తామన్నది ఇదన్నమాట. రూట్ హోదాలో మూడూ చదివి, తొలగించాను.