చేతులు కడుక్కునే దాకా వచ్చిన గొడవ

గోంగూర పప్పు బాగా కుదిరింది. అంతవరకే బాగుంది. తర్వాత బావ ఆళంద కేసు ఎత్తాడు. కర్ణాటకలో ఊరివాళ్ల పేర్లు వాడేసి, ఓట్లు తీసేయమని వేల దరఖాస్తులు పెట్టిన కేసు అది. "ఒక్క ఓటూ పోలేదు కదా! కేసు నిజమే, ముద్దాయి దొరకలేదు అని అప్పుడే కోర్టుకి రిఫర్ చేసి మూసేస్తే పోయేది. ఎందుకంత కాలం మోశారు?"

అక్క కంచం పక్కకి జరిపింది. బీఎల్ఓగా, అంటే బూత్‌లో ఓటర్ల జాబితా చూసే ఉద్యోగిగా చేసిన మనిషి మరి. ఆళందలో ఈ సంగతి బయటపెట్టిందీ ఒక బీఎల్ఓనే. తన ఇంటి మనిషి ఓటు తీసేయమని ఫారం 7 వచ్చింది. ఎవరి పేరుతో వచ్చిందో ఆ ఊరి మనిషినే వెళ్లి అడిగితే, నాకేం తెలియదన్నాడు. అక్కణ్ణుంచి అన్నీ తీసి చూశారు. 2022 డిసెంబర్‌లో ఆన్‌లైన్‌లో పడ్డ దరఖాస్తులు 6,018. సరైనవి 24. తక్కిన 5,994 తప్పు. ఓట్లు మిగిలాయంటే ఎవరో కాళ్లరిగేలా తిరిగి చూశారు కాబట్టి. బావ దాన్ని "ఏమీ జరగలేదు" అంటాడు! ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

అయినా ఆయన మాట పూర్తిగా కొట్టిపారేయలేను. ఎన్నికల కమిషన్ పోలీసులకి ఐపీ అడ్రసు (నెట్ కనెక్షన్‌కుండే నంబరు), తేదీ, టైము, లాగిన్ ఫోన్ నంబరు ఇచ్చింది. మొబైల్ నెట్‌లో ఒకే ఐపీ వెనక ఒకే క్షణంలో ఎంతోమంది ఉంటారు. మనిషిని విడదీయాలంటే పోర్టు నంబరు, అవతలి సర్వర్ ఐపీ కావాలి. సీఐడీ అడుగుతూ వచ్చింది అవే. టెలికాం కంపెనీలు ఆ నెట్ వాడకం రికార్డులు (లాగ్‌లు) ఉంచి తీరాల్సింది రెండేళ్లు. 2024 డిసెంబర్ దాటాక అడిగితే లేవనొచ్చు. ఇంక దేన్ని పట్టుకుని దర్యాప్తు చేస్తారు, మూసేయడమే మేలనుకున్నాను, ఇది రాయడం మొదలుపెట్టేదాకా.

కాదు. 2025 సెప్టెంబర్‌లో వేసిన సిట్ డబ్బు వెంట వెళ్లింది. కలబురగిలో ఒక డేటా సెంటర్, దరఖాస్తుకు 80 రూపాయలు అని తేలినట్టు పత్రికలు రాశాయి. లాగ్‌లు పోయినా దారి మిగిలే ఉంది. ముందే రిఫర్ చేసేసి ఉంటే?

అసలు సంగతి ఇంకోటుంది. కేసు మూసేటప్పుడు కోర్టు నోటీసు ఫిర్యాదుదారుకి వెళ్లాలి, 1985 భగవంత్ సింగ్ తీర్పు ప్రకారం. ఇలాంటి కేసుల్లో ఫిర్యాదుదారు ఎన్నికల అధికారే. ఆయన అభ్యంతరం లేదంటే దాదాపు అయిపోయినట్టే. ఓటు పోబోయినవాళ్లకి చీటీ ముక్క కూడా రావాలని లేదు. ఎవరి పేర్లు దొంగతనంగా వాడేశారో ఆ ఊరివాళ్లకీ అంతే.

అక్క అడిగింది అదే, "మూసేముందు వాళ్లనెవరైనా అడుగుతారా?" అని.

బావ చెయ్యి కడుక్కోడానికి లేచాడు.