చెల్లెలి పొలం, గుణదల మొక్కు

నిన్న రాత్రే విజయవాడ గుణదల మరియమాత కొండ నుంచి ఇంటికి చేరుకున్నాను. అరికాలి బొబ్బ ఇంకా మండుతూనే ఉన్నా, మొక్కు తీరిన నెమ్మది గుండెలో పచ్చిగా ఉండగానే రాసుకోవాలనిపించింది.

కాలువ గట్టున ఉన్న 70 సెంట్ల మాగాణి చెల్లెలికి ఇమ్మని నాన్నగారు కన్నుమూసే ముందు నోటిమాటగా చెప్పారు. కాగితాలన్నీ నా పేరునే ఉండటంతో 9 ఏళ్లపాటు నేను ఆ ఊసెత్తలేదు. నిరుడు క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం చేసినప్పుడు, ఎవరి సొత్తు వారికి ముట్టజెప్పనిదే పశ్చాత్తాపం నిండదని ఫాదర్‌గారు మెల్లగా అన్నారు. ఆ పొలం మా అమ్మాయి పెళ్లికని ఇంట్లో ఎప్పుడో అనుకున్నాము. సంతకం పెట్టే ధైర్యం ఇప్పిస్తే తిరునాళ్లకు చెప్పులు లేకుండా నడిచి వస్తానని మరియమాతకు మొక్కుకున్నాను. జనవరిలో రిజిస్ట్రేషన్ జరిగింది. ఆనాటి నుంచి నా భార్య అవసరానికి మించి నాతో మాట్లాడలేదు. ఆమెను తప్పుపట్టలేను, ఎందుకంటే దేవుని మాటకు లోబడింది నేనే అయినా నష్టం ఆమెకూ వచ్చింది.

ఫిబ్రవరి 10న విజయవాడ బస్టాండులో దిగి ఏలూరు రోడ్డు పట్టుకుని నడిచాను. మిట్టమధ్యాహ్నానికి తారు కాలి, ఎడమ అరికాలు బొబ్బెక్కి చిట్లింది. కొండ కింద జనమంటే జనం! మైకుల హోరు, కొబ్బరికాయలు అమ్మేవారి కేకలు, వరుస తప్పించి దూరేవారి తోపులాట. జపమాల లెక్క మూడుసార్లు తప్పిపోయి మళ్లీ మొదలుపెట్టాను. మెట్ల పక్కన కూలబడితే, మనుమడికి తలనీలాలు ఇప్పించుకుని వస్తున్న ఒక పెద్దావిడ ఆగి, "నాయనా, ఆ కాలిటు చాపు" అని, సీసాలోని నీళ్లతో కడిగి, కొబ్బరినూనె రాసి, తన పాత చీర కొంగు చింపి కట్టింది. ఏ ఊరని అడిగేలోపే జనంలో కలిసిపోయింది.

1925లో ఫాదర్ అర్లాటి నిలిపిన తల్లి స్వరూపం ముందు నాకు దక్కింది నాలుగు క్షణాలే, వెనుక నుంచి "కదలండి, కదలండి" అంటూనే ఉన్నారు. చెప్పుకోవాలనుకున్నవేవీ నోటికి రాలేదు. యేసుకు తల్లివవుతావని దేవదూత చెప్పినప్పుడు "నీ మాట చొప్పున నాకు జరుగును గాక" అని ఆమె అన్న మాటే వచ్చింది. చిన్నప్పటి నుంచి వల్లిస్తున్న ఆ మాట ఆమెకు తేలికగా రాలేదని, అన్నాక ప్రధానం చేయబడిన యోసేపు తనను రహస్యంగా విడిచిపెట్టాలని తలచినా, హృదయంలోకి ఖడ్గం దూసుకుపోతుందని దేవాలయంలో సిమియోను అనే భక్తుడు చెప్పినా, ఆమె దానిని వెనక్కు తీసుకోలేదని అక్కడే నాకు తట్టింది.

రాత్రి గుమ్మంలో కాలు పెట్టగానే నా భార్య ఆ గుడ్డకట్టు చూసింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, గోరువెచ్చని నీళ్లలో ఉప్పు వేసి బేసిన్ నా కాళ్ల దగ్గర పెట్టి, "ఎవరు కట్టారు?" అని అడిగింది. పొలం మాట ఇద్దరమూ ఎత్తలేదు.