కత్తెర పట్టుకుని కూర్చున్న ఆదివారం

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

పొద్దున మా హైడ్రాంజియా పూలమొక్క ముందు చిన్న పీట వేసుకుని కూర్చున్నాను. లేచేసరికి గంటన్నర అయింది. ఆ గంటన్నరలో నా కత్తెర కోసింది పద్నాలుగు ఎండుపూల గుత్తులు, మూడు ముసలి కొమ్మలు, నాలుగు పుల్లలు. అంతే. మా ఆయన కిటికీలోంచి చూసి, "తోటపని చేస్తున్నావా, ధ్యానం చేస్తున్నావా?" అన్నారు. భయపడుతున్నానని చెప్పడానికి మొహమాటమేసి "చూస్తున్నా" అన్నాను.

భయం ఊరికే రాలేదు. నాటాక మొదటి రెండేళ్ళూ ఈ మొక్క ఒక్క పువ్వు పూయలేదు. నీళ్ళకి లోటు చెయ్యలేదు, ఎరువుకి లోటు చెయ్యలేదు. ఆకులు చూస్తే అరచేతికంటే పెద్దవి, నవనవలాడుతూ ఉండేవి. ఆరోగ్యానికి వంక పెట్టడానికి లేదు. పూలే లేవు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఆ ఆకుల చెట్టు ఎలా ఉందే?" అని అడిగేది. వెటకారమో, నిజంగానే పేరు నోరు తిరగకో నాకిప్పటికీ తెలియదు.

పూలు రాకుండా చేసింది నేనేనని తెలియడానికి నా కుడి మణికట్టు బెణకాల్సి వచ్చింది. ఆ రెండేళ్ళూ చలి తగ్గుతుండగా కత్తెర పట్టుకుని మొక్కని మోకాలి ఎత్తుకి కొట్టేసేదాన్ని. ఎండుపుల్లల్లా నిలబడ్డ కొమ్మల్ని వదిలేస్తే పట్టించుకోనట్టు ఉంటుందని. నిరుడు సరిగ్గా ఆ సమయానికి చేతికి కట్టు ఉంది. ఇంకెవరికైనా చెబుదామంటే బద్ధకం. అలాగే వదిలేశాను. పద్నాలుగు గుత్తులు పూసింది.

ముందు నమ్మలేదు. కొత్త ఎరువు పనిచేసిందనుకున్నాను, వానలు బాగా పడ్డాయనుకున్నాను. తర్వాత కూర్చుని చదివితే విషయం తెలిసింది. నాది మాక్రోఫిల్లా, అంటే పెద్దాకుల రకం. బంతుల్లా గుండ్రటి గుత్తులు పూస్తుంది. ఇది పూసేది పాత కొమ్మ మీద. ఈ ఏడు పూయాల్సిన పువ్వు నిరుటి కొమ్మ చివర, నిరుడే, చలి ముదరక ముందే మొగ్గలో తయారై కూర్చుంటుంది. ఆకులన్నీ రాల్చేసి చచ్చినట్టు కనిపించే ఆ పుల్లల కొసల్లోనే ఏడాది పూలన్నీ మడతపెట్టి ఉంటాయి. శుభ్రం పేరుతో రెండేళ్ళు నేను చెత్తకుప్పలో పోసింది వాటినే.

ఈ రకాన్ని గట్టిగా కత్తిరించాలంటే పూలు వాడిన వెంటనే కత్తిరించాలి, కొత్త మొగ్గ కట్టకముందే. ఆ గడువు దాటాక కత్తెరకి చేతనైనంత దూరంగా ఉండాలి. కాబట్టి ఇవాళ నేను చేసింది కత్తిరింపు అనడానికి లేదు, కాస్త సర్దడం, అంతే. నిరుటి గుత్తులు ఎండిపోయాక కూడా తియ్యకుండా చలికాలమంతా కొమ్మల మీదే ఉంచాను. గోధుమరంగు కాగితం ముక్కల్లా వేలాడుతుంటే, చూసినవాళ్ళందరూ "అవి తీసెయ్యొచ్చుగా" అన్నవాళ్ళే. ఎండిన గుత్తి కింది మొగ్గలకి గొడుగు లాంటిది. మంచు నేరుగా వాటి మీద పడకుండా కొంత కాస్తుంది. ఇక మంచు పడదని నమ్మకం కుదిరాక ఇవాళ గొడుగులు తీశాను.

గుత్తి దగ్గర్నుంచి వేలు కొమ్మ మీద కిందికి జారుస్తూ రావాలి. మొదట తగిలిన లావుపాటి మొగ్గల జతకి కొంచెం పైన కొయ్యాలి. అలవాటు కొద్దీ గులాబీకి కోసినట్టు ఏటవాలుగా కోయబోయి ఆగాను. గులాబీకి కణుపుకి ఒకటే మొగ్గ, అది ఎటుంటే అటు చూసుకుని వాలుగా కోస్తాం. దీనికి కణుపు దగ్గర రెండు మొగ్గలు ఎదురెదురుగా ఉంటాయి. వాలుగా కోస్తే కోత ఒకదాని నెత్తి మీదికి వస్తుంది. అందుకని అడ్డంగానే కోశాను. కోసిన చోట లోపల తెల్లటి బెండు కనిపించింది. పిల్లలు చూస్తే దాన్ని పుల్లతో తోసి ఆడుకుంటారు. నేనూ ఒకదాన్ని తోసి చూశాను, ఎవరూ చూడకుండా.

ఎక్కువ సేపు పట్టింది మొగ్గల్లో తేడా పట్టుకోవడానికే. బొద్దుగా ఉబ్బి ఉంటే పూమొగ్గ, సన్నగా మొనదేలి కొమ్మకి అంటుకుపోయి ఉంటే ఆకుమొగ్గ. చదువుకున్నప్పుడు తేలిగ్గానే ఉంది. మొక్క ముందు కూర్చుంటే సగానికి సగం మొగ్గలు బొద్దుగానూ లేవు, సన్నగానూ లేవు. అద్దాలు తుడుచుకుని చూశాను, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూశాను. ఇక లాభం లేదని ఒక నియమం పెట్టుకున్నాను: అనుమానం ఉంటే కొయ్యకూడదు.

చచ్చిన కొమ్మల విషయంలో మాత్రం అనుమానం అక్కర్లేదు. గోటితో బెరడు గీరితే లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే పోయినట్టు. అలా పోయినవే ఆ నాలుగు పుల్లలు. ముసలి కొమ్మలంటే బెరడు పొరలు పొరలుగా లేస్తున్నవి, నిరుడు పీలగా ఆకులు వేసి ఊరుకున్నవి. వాటిని నేలకి సమానంగా కోసేశాను. ఏటా అలా రెండు మూడు తీసేస్తే గుబురు లోపలికి గాలీ వెలుతురూ పోతాయి, మొదట్లోంచి కొత్త కొమ్మలు లేస్తాయి. లోపల గాలి ఆడకపోతే ఆకుల మీద బూడిద తెగులు వస్తుంది. నిరుడు కాస్త చూశాను దాన్ని, మళ్ళీ చూడాలని లేదు.

ఇంత జాగ్రత్తగా చేసి, చివర్లో లేవబోతూ స్వెట్టర్ చెయ్యి తగిలించి మొక్క మొత్తానికి అన్నిటికంటే బొద్దుగా ఉన్న మొగ్గ కొమ్మని పుటుక్కున విరిచాను. కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత దాన్ని తడి ఇసుక పోసిన కుండీలో గుచ్చి పెట్టాను. వేరు పోస్తే ఇంకో మొక్క అవుతుంది.

అప్పుడే గోడ అవతల నుంచి పక్కింటి బాబాయిగారు పలకరించారు. "ఏమ్మా, ఈసారి మోకాలి దాకా కొట్టెయ్యలేదే?" అన్నారు. ఆ మోకాలి లెక్క నాకు చెప్పింది ఆయనే. మూడేళ్ళ కిందట, అడక్కుండానే. ఆయన పెరట్లో మొక్క ఏటా తెల్లటి గుత్తులతో విరగబూస్తుంటే నమ్మక ఏం చేస్తాను? నా మొక్క పూయనప్పుడల్లా మనసులో ఆయన్ని ఎన్ని అనుకున్నానో. తీరా చూస్తే ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. ఆయనది పానిక్యులాటా, పొడుగ్గా కోన్ ఆకారంలో గుత్తులు వేసే రకం. అది ఈ ఏడు వేసిన చిగురు చివరే ఈ ఏడు పూస్తుంది. చలి చివర్లో ఎంత గట్టిగా కోస్తే అంత బలమైన చిగుళ్ళు. ఆయన మొక్కకి ఆయన సలహా అక్షరాలా సరైనది. నాది కొన్నప్పుడు కుండీకి వేలాడుతున్న చీటీ వానకి నాని ఊడిపోయింది. నేను ఆయనకి రకం చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఇదంతా గోడ మీద చేతులు ఆనించి చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "అయితే రెండేళ్ళూ నీ పూలు పోగొట్టింది నేనేనా?" అన్నారు. మొహం చూస్తే జాలేసింది. "కత్తెర నా చేతిలోనే ఉంది కదా బాబాయిగారూ" అన్నాను. ఆయన మోకాళ్ళ నొప్పులతో ఈసారి తన మొక్క జోలికి పోలేదట. నేనే వెళ్ళి కోశాను. ఎంత హాయిగా ఉందో! గంటన్నర ఊపిరి బిగబట్టుకున్న దాన్ని కదా, అక్కడ పది నిమిషాల్లో పని అయిపోయింది. గట్టి కొమ్మలు నాలుగైదు అస్థిపంజరంలా ఉంచి, నిరుటి రెమ్మలన్నింటినీ రెండేసి జతల మొగ్గలు మిగిల్చి టకటకా కోసుకుంటూ పోయాను. "నిదానం, నిదానం" అంటున్నారు ఆయన, ఈసారి ఆయన భయపడుతూ.

మధ్యాహ్నం పాదు పని. మొదలుకి తగలకుండా చుట్టూ రెండంగుళాల మందాన ఎండుటాకులు పరిచాను. దీని వేళ్ళు పైపైనే ఉంటాయి, తేమ ఆరితే ఓర్చుకోలేదు. మా మొక్క ఇంటికి తూర్పు పక్కన ఉంది కాబట్టి పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నానికి నీడ పడుతుంది, అదొక్కటీ నేను చేసిన మంచి పని, అదీ తెలియక చేసింది. అయినా నిరుడు ఎండ మండిపోయిన రోజుల్లో ఆకులన్నీ ఒక్కసారి వాల్చేసేది. నేను టెన్షన్ పడి బకెట్టుతో పరిగెత్తేదాన్ని. నేల తడిగానే ఉండేది. సాయంత్రానికి ఏమీ జరగనట్టు లేచి నిలబడేది. ఇప్పుడు ముందు వేలు మట్టిలో గుచ్చి చూస్తున్నాను. కింద పొడిగా ఉంటేనే నీళ్ళు, అదీ ఆకుల మీద కాకుండా మొదట్లో. ఎరువుగా కంపోస్టు కొంచెం వేశాను. మొదటి రెండేళ్ళూ నత్రజని ఎక్కువున్న ఎరువు గుప్పించాను, అమ్మ చెప్పిన ఆకుల చెట్టు తయారవడానికి అది కూడా తోడైంది.

బాబాయిగారు పూల రంగు గురించి కూడా అడిగారు. నిరుడు గోడ వైపు గుత్తులు గులాబీరంగులో, దారి వైపువి ఊదాలో పూశాయి. ఒకే మొక్క. గోడ సిమెంటులోని సున్నం అటువైపు మట్టిలోకి దిగి ఉంటుందని నా ఊహ. ఈ పువ్వు నీలం కావాలంటే అల్యూమినియం అందాలి. మట్టి ఆమ్లంగా ఉంటే, పీహెచ్ 5.5 లోపు అనుకుంటే, అది కరిగి వేళ్ళకి దొరుకుతుంది. 6.5 దాటితే మట్టిలో ఉన్నా దొరకదు, పువ్వు గులాబీరంగులోనే ఉండిపోతుంది. బళ్ళో లిట్మస్ కాగితం ఆమ్లంలో ఎరుపు, క్షారంలో నీలం అని బట్టీ పట్టాం. ఇది సరిగ్గా తిరగేసి నడుస్తుంది. "అయితే అల్యూమినియం సల్ఫేట్ పోసేద్దాం" అన్నారు ఆయన ఉత్సాహంగా. ఎక్కువైతే వేళ్ళు దెబ్బతింటాయి. పైగా ఇన్నాళ్ళకి పూసిన మొక్కని పట్టుకుని నీ రంగు బాగాలేదనడానికి నాకు నోరు రాలేదు. వద్దన్నాను.

సాయంత్రం కోసిన ఎండు గుత్తుల్లో ఒకటి బల్ల మీద పెట్టుకుని చూశాను. మనం రేకులనుకునేవి నిజానికి రేకులు కావు, రక్షక పత్రాలు. అసలు పువ్వులు ఎక్కడో మధ్యలో చిన్న చిన్న గుండుసూది తలల్లా ఉంటాయి. హైడ్రాంజియా అంటే గ్రీకులో నీటి పాత్ర అట, దాహం ఎక్కువని కాదు, గింజల కాయ చిన్న కుండలా ఉంటుందని. 1820ల్లో నాగసాకి దగ్గర పనిచేసిన జర్మన్ డాక్టర్ సీబోల్ట్ ఒక రకానికి తనతో ఉన్న తాకి అనే ఆవిడ పేరు వచ్చేలా ఒటాక్సా అని పెట్టాడట. ఆయన మొక్కకి పేరు పెట్టుకున్నాడు, నేను పేరున్న చీటీ పోగొట్టుకున్నాను.

పడుకోబోయే ముందు టార్చి వేసుకుని ఇంకోసారి వెళ్ళొచ్చాను. మధ్యలో ఒక కొమ్మ ఉంది. పొద్దున గీరితే ఒకవైపు పచ్చగా, ఇంకోవైపు గోధుమగా కనిపించింది. కొసన ఉన్న మొగ్గ బొద్దో సన్నమో ఫొటోలో కూడా తేలలేదు. కొయ్యలేక, కొయ్యకుండా ఉండలేక దానికి ఎర్ర ఊలుదారం కట్టి వదిలేశాను. రెండు నెలలాగి అదేం చేసిందో చూడాలి.

లోపలికి రాగానే మా ఆయన "ఆ దారం దేనికి?" అన్నారు.

"అనుమానానికి" అన్నాను.