ఏపీఐకి కాపలా: కాంగ్ గేట్‌వేతో నా అనుభవం

మా గ్రంథాలయం కోసం నేను రాసిన ఏపీఐ (వేరే ప్రోగ్రామ్‌లు అడిగితే డేటా ఇచ్చే ప్రోగ్రామ్) చాలా చిన్నది. పుస్తకాల జాబితా ఇస్తుంది, ఏ సభ్యుడి దగ్గర ఏ పుస్తకాలు ఉన్నాయో చెబుతుంది, కొత్త పుస్తకం వస్తే చేర్చుకుంటుంది. పైథాన్‌లో, ఫ్లాస్క్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ వాడి రాశాను. మొత్తం కలిపినా 300 లైన్లు ఉండదు. లాగిన్ లేదు, కీ లేదు. వాడేది మేమే కదా అనుకున్నాను.

ఒక రోజు లాగ్ తెరిచి చూస్తే, నేనెప్పుడూ రాయని దారులకు రిక్వెస్ట్‌లు వచ్చి ఉన్నాయి. ఒకటి పాస్‌వర్డ్‌ల వంటి రహస్యాలు దాచే డాట్ ఎన్వ్ ఫైల్ కోసం, ఇంకొకటి వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ కోసం. పబ్లిక్ అడ్రస్ ఉన్న ప్రతి సర్వర్‌నూ ఇలా తట్టి చూసే ప్రోగ్రామ్‌లు తిరుగుతుంటాయని తెలుసు. కానీ నా లాగ్‌లోనే చూసేసరికి టెన్షన్ పట్టుకుంది. వాళ్లు వెతికినవి నా దగ్గర లేవు. కానీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇచ్చే దారి మాత్రం ఉంది, దానికి ఏ తాళమూ లేదు.

ప్రతి ఫంక్షన్ ముందూ తనిఖీ కోడ్ రాద్దామన్నది మొదటి ఆలోచన. ఒక్క ఫంక్షన్‌కి మర్చిపోయినా మిగతా శ్రమంతా వృథా అవుతుంది కదా అనిపించి, ఏపీఐ ముందు గేట్‌వే, అంటే వచ్చే ప్రతి రిక్వెస్ట్‌నూ ముందే తనిఖీ చేసే ప్రోగ్రామ్, పెడదామని నిర్ణయించుకున్నాను. కాంగ్‌ను ఎంచుకున్నాను. 2015 నుంచి ఓపెన్ సోర్స్‌గా ఉంది, ఎన్‌జింక్స్ వెబ్ సర్వర్ పునాది మీద నడుస్తుంది, ప్లగిన్‌లు ఎక్కువగా లువా భాషలో ఉంటాయి. నాకు నచ్చింది మాత్రం వేరే విషయం: డేటాబేస్ లేకుండా, ఒకే ఒక్క యామల్ ఫైల్ (సెట్టింగ్‌లు రాసే మామూలు టెక్స్ట్ ఫైల్) ఇస్తే చాలు నడుస్తుంది. మొత్తం కాపలా ఏర్పాటు ఒక ఫైల్‌లో కళ్ల ముందు ఉంటుంది.

అందులో నాలుగు మాటలు అర్థమైతే చాలు. సర్వీస్ అంటే వెనక ఉన్న మన ఏపీఐ. రూట్ అంటే దాన్ని చేరే దారి. కన్స్యూమర్ అంటే ఆ దారిలో వచ్చే ప్రోగ్రామ్ లేదా మనిషి. ప్లగిన్ అంటే దారిలో నిలబడే కాపలాదారు. ప్లగిన్‌ను సర్వీస్‌కి గానీ, రూట్‌కి గానీ, ఒక్క కన్స్యూమర్‌కి గానీ, అన్నిటికీ కలిపి గానీ తగిలించొచ్చు. ఎక్కడ తగిలించామన్నది ఎంత ముఖ్యమో తర్వాత తెలిసింది.

మొదటి గంట ఒక 404 (అడిగిన దారి లేదు అనే జవాబు) దగ్గరే పోయింది. రూట్ సరిగ్గానే రాశాను, కానీ ఫ్లాస్క్ మాత్రం ఆ దారి లేదంటోంది. కాంగ్‌లో స్ట్రిప్ పాత్ అనే సెట్టింగ్ మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది. రూట్‌లో రాసిన భాగాన్ని కత్తిరించి మిగిలినదే వెనక్కి పంపుతుంది. దాన్ని ఆఫ్ చేశాక దారి కుదిరింది.

తర్వాత కీ అడిగి సరిచూసే కీ-ఆథ్ ప్లగిన్. ఇద్దరు కన్స్యూమర్లను రాశాను. ఒకరు రాత్రిపూట రిపోర్ట్ తీసే స్క్రిప్ట్, రెండోవారు కౌంటర్‌లో పుస్తకాలు చేర్చే ప్రోగ్రామ్. ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో 32 బైట్ల యాదృచ్ఛిక సంఖ్య తీసి, 64 అక్షరాల కీ ఒక్కొక్కరికి ఇచ్చాను. కమాండ్ లైన్ నుంచి రిక్వెస్ట్ పంపే కర్ల్‌తో, కీ లేకుండా కొడితే 401 (నువ్వెవరో తెలియదు) వచ్చింది. కీతో కొడితే 200 (అంతా సరే). ఆ 401 చూసి ఎంత సంతోషించానో!

రెండు సెట్టింగ్‌లు మాత్రం అప్పుడే మార్చాను. కీ-ఆథ్ హెడర్‌లోనే (రిక్వెస్ట్‌తో పాటు వెళ్లే అదనపు సమాచారం) కాక, యూఆర్ఎల్ చివర క్వెరీలో కూడా కీని ఒప్పుకుంటుంది. యూఆర్ఎల్ మొత్తం యాక్సెస్ లాగ్‌లో పడుతుంది కాబట్టి, అలా పంపిన ప్రతిసారీ కీ కూడా లాగ్‌లో రాసుకుపోతుంది. దాన్ని మూసేశాను. ఇక హైడ్ క్రెడెన్షియల్స్ అనేది ఆన్ చేస్తే, తనిఖీ అయ్యాక కీని తీసేసి రిక్వెస్ట్‌ను వెనక్కి పంపుతుంది. నా ఫ్లాస్క్ యాప్ డీబగ్ కోసం హెడర్‌లన్నీ లాగ్‌లో రాస్తోంది కనుక అది తప్పనిసరి అయింది.

పని అయిపోయిందనుకుని, ఆఫీస్‌లో సీనియర్ అయిన అక్కకి చూపించాను. ఆమె యామల్ ఫైల్ చూడనే లేదు.

"బ్యాకెండ్ పోర్ట్‌కి నేరుగా కొట్టి చూశావా?" అంది.

"ఫైర్‌వాల్‌లో మూసేశాను అక్కా, బయటికి కనిపించదు."

"మూశాను అంటే సరిపోదు. నీ ఫోన్ డేటా మీద నుంచి ఒక్కసారి కొట్టి చూడు."

ఫోన్‌లో సర్వర్ అడ్రస్ రాసి, పక్కన ఫ్లాస్క్ వినే 5000 పోర్ట్ పెట్టి కొట్టాను. సభ్యుల జాబితా మొత్తం వచ్చింది. కీ లేదు, కాంగ్ లేదు, ఏమీ లేదు. వీధి తలుపుకి తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసి పెట్టాను. చాలాసేపు ఆ స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయాను.

కారణం వెతికితే దొరికింది. ఫ్లాస్క్‌నూ కాంగ్‌నూ నేను డాకర్‌లో, అంటే ప్రోగ్రామ్‌లను కంటైనర్‌లనే విడి పెట్టెల్లో నడిపే సాధనంలో, నడుపుతున్నాను. డాకర్‌లో ఒక పోర్ట్‌ను పబ్లిష్ చేసినప్పుడు (బయటికి తెరిచినప్పుడు) డాకర్ తన ఐపీటేబుల్స్ రూల్స్, అంటే లినక్స్‌లో ట్రాఫిక్‌ను వడగట్టే నియమాలు, తానే రాసుకుంటుంది. ఆ ట్రాఫిక్ నా ఫైర్‌వాల్ అయిన యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్ దాకా రాకుండానే కంటైనర్‌కి మళ్లిపోతుంది. అంటే యూఎఫ్‌డబ్ల్యూలో నేను రాసిన నిషేధం కాగితం మీదే ఉంది. డాకర్ డాక్యుమెంటేషన్‌లో ఈ మాట స్పష్టంగా రాసే ఉంది, నేనే చదవలేదు. ఫ్లాస్క్ కంటైనర్‌కి పోర్ట్ పబ్లిష్ చేసే లైన్ తీసేశాను. కాంగ్, ఫ్లాస్క్ ఒకే డాకర్ నెట్‌వర్క్‌లో ఉంటే పేరుతోనే మాట్లాడుకుంటాయి, బయటికి పోర్ట్ అక్కర్లేదు.

అదే ఊపులో 8001 పోర్ట్ కూడా చూశాను. 8000 మన రిక్వెస్ట్‌లు వచ్చే పోర్ట్ అయితే, 8001 కాంగ్‌ను నడిపించే అడ్మిన్ ఏపీఐది. మామూలుగా అది లోకల్‌హోస్ట్‌లో, అంటే ఆ మెషీన్ లోపలి నుంచి వచ్చేవి మాత్రమే వింటుంది. ప్రయోగం చేసేటప్పుడు ఎక్కడో చూసిన డాకర్ కమాండ్‌ను కాపీ చేశాను, అందులో అన్ని అడ్రస్‌ల మీదా వినమని ఉంది. ఆ పోర్ట్ దొరికితే కన్స్యూమర్ల కీలన్నీ చదవొచ్చు. డేటాబేస్ లేని పద్ధతిలో కూడా కొత్త యామల్ పంపి మొత్తం ఏర్పాటును మార్చేయొచ్చు. దాన్ని లోకల్‌హోస్ట్‌కే కట్టేశాను. గేట్‌వే పెట్టేవాళ్లు ఎవరైనా నన్ను సలహా అడిగితే ముందు ఈ 5000, 8001 పోర్ట్‌ల గురించే చెబుతాను, ప్లగిన్‌ల మాట ఆ తర్వాతే.

ఇక ఈ ఏపీఐని వాడే మా వెబ్ పేజీ. బ్రౌజర్‌లో పేజీ తెరిస్తే అన్నీ ఫెయిల్ అవుతున్నాయి, కర్ల్‌తో బాగానే ఉన్నాయి. వేరే డొమైన్‌కి ప్రత్యేక హెడర్‌తో రిక్వెస్ట్ పంపే ముందు బ్రౌజర్ ఒక ఆప్షన్స్ రిక్వెస్ట్ పంపి అనుమతి అడుగుతుంది. అందులో కీ ఉండదు, కాబట్టి కీ-ఆథ్ దాన్ని 401తో తిప్పి పంపేస్తోంది. ఏ డొమైన్ పేజీలకు అనుమతి ఉందో బ్రౌజర్‌కి చెప్పే కోర్స్ (CORS) ప్లగిన్ పెట్టి, మా పేజీ డొమైన్ మాత్రమే రాశాను. కాంగ్‌లో ప్రతి ప్లగిన్‌కీ ఒక ప్రాధాన్య సంఖ్య ఉంటుంది, పెద్ద సంఖ్య ఉన్నది ముందు నడుస్తుంది. కోర్స్ ప్లగిన్ కీ-ఆథ్ కంటే ముందు నడుస్తుంది కాబట్టి ఆప్షన్స్‌కి జవాబు అదే ఇచ్చేస్తుంది. కోర్స్ అన్నది బ్రౌజర్‌లు పాటించే నియమం మాత్రమే, కర్ల్ దాన్ని పట్టించుకోదు. అది తాళం కాదు.

అంతకంటే పెద్ద సంగతి అప్పుడే తట్టింది. వెబ్ పేజీ జావాస్క్రిప్ట్‌లో పెట్టిన కీ రహస్యం కాదు, పేజీ సోర్స్ తెరిస్తే ఎవరికైనా కనిపిస్తుంది. అందుకే దారులను మూడుగా విడదీశాను. పుస్తకాల జాబితా, లాగిన్ అందరికీ. సభ్యుల వివరాలు లాగిన్ అయి టోకెన్ (కొంతసేపు చెల్లే డిజిటల్ చీటీ) తెచ్చుకున్నవాళ్లకి. స్క్రిప్ట్, కౌంటర్ దారులు కీ ఉన్నవాటికి. ఆ చివరి వాటికి, ఏ గుంపు ఏ దారిలో రావొచ్చో చూసే ఏసీఎల్ ప్లగిన్ కూడా కలిపాను. రిపోర్ట్ స్క్రిప్ట్ కీతో పుస్తకం చేర్చబోతే 403 (నీకు అనుమతి లేదు) వస్తుంది.

టోకెన్‌ల కోసం జేడబ్ల్యూటీ (సంతకం చేసిన టోకెన్ పద్ధతి) ప్లగిన్. ఫ్లాస్క్ లాగిన్ దారి 15 నిమిషాలు చెల్లే టోకెన్ ఇస్తుంది, కాంగ్ దాని సంతకం సరిచూస్తుంది. పెట్టిన మర్నాడు, నిన్నటి టోకెన్ టెర్మినల్ హిస్టరీలో ఉంటే ఊరికే ఎంటర్ కొట్టాను. 200 వచ్చింది! గడియారం తప్పేమో అని సర్వర్ టైమ్ చూశాను, సరిగ్గానే ఉంది. అసలు సంగతి ఏమిటంటే, ఈ ప్లగిన్ సంతకాన్ని తప్పకుండా చూస్తుంది గానీ గడువును మనం చెబితేనే చూస్తుంది. క్లెయిమ్స్ టు వెరిఫై అనే చోట ఎక్స్‌ప్ అని రాయాలి. రాశాక అదే టోకెన్‌కి 401, గడువు తీరిందన్న మాటతో. ఆ రోజు చెయ్యి ఊరుకుని ఉంటే, మేమిచ్చిన ప్రతి టోకెన్ ఎప్పటికీ చెల్లుతూనే ఉండేది.

రేట్ లిమిటింగ్, అంటే ఎంతసేపట్లో ఎన్ని రిక్వెస్ట్‌లు పంపొచ్చో పరిమితి పెట్టడం, నేను అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు తీసుకుంది. నిమిషానికి 60 అని పెట్టాను. మధ్యాహ్నానికే సభ్యులు యాప్ పనిచేయడం లేదన్నారు. అందరికీ 429 (రిక్వెస్ట్‌లు మరీ ఎక్కువయ్యాయి) వస్తోంది. ప్లగిన్ మామూలుగా కన్స్యూమర్‌ను బట్టి లెక్కపెడుతుంది. నేనేమో లాగిన్ సర్వీస్ మొత్తానికి ఒకే కన్స్యూమర్‌ను రాశాను, టోకెన్‌లన్నీ దాని పేరు మీదే వస్తాయి. అంటే కాంగ్ దృష్టిలో సభ్యులందరూ కలిసి ఒక్కరే. లెక్కను ఐపీకి మార్చాను. అయినా అదే 429. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ పని చూసే ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) ఒకటి కాంగ్ ముందు ఉంది, కాబట్టి కాంగ్‌కి అందరి ఐపీ ఆ ప్రాక్సీదిగానే కనిపిస్తోంది. ఎవరి మాట నమ్మాలో చెప్పే ట్రస్టెడ్ ఐపీస్ సెట్టింగ్‌లో ఆ ప్రాక్సీ అడ్రస్ ఒక్కటే రాసి, అసలు ఐపీ ఏ హెడర్‌లో ఉందో చెప్పాక లెక్క కుదిరింది. ఇక్కడ తొందరపడి అన్ని అడ్రస్‌లనూ నమ్మమని రాయకూడదు. అప్పుడు ఎవరైనా ఆ హెడర్‌లో దొంగ ఐపీ రాసి పంపి, ప్రతిసారీ కొత్త మనిషిలా రావొచ్చు.

ఇంకో రెండు సంగతులు. కౌంటర్, స్క్రిప్ట్ దారుల్లో రేట్ లిమిటింగ్ కీ-ఆథ్ తర్వాత నడుస్తుంది. తప్పుడు కీతో వచ్చిన రిక్వెస్ట్ కీ-ఆథ్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి అది లెక్కలోకే రాదు. కీలు ఊహించే ప్రయత్నాలను ఈ ప్లగిన్ ఆపదన్నమాట. 64 అక్షరాల కీ పెట్టినందుకు అక్కడ ధైర్యంగా ఉన్నాను, ఆ వడపోత కోసం ముందున్న ప్రాక్సీలో ఇంకో పరిమితి పెట్టాను. లాగిన్ దారి సంగతి వేరు, అక్కడ మనుషుల పాస్‌వర్డ్‌లు ఉంటాయి. దానికి ఐపీకి నిమిషానికి 5 మాత్రమే.

ఇన్ని పెట్టాక కూడా ఒక రంధ్రం మిగిలింది, దాన్ని ఏ ప్లగిన్ పూడ్చలేదు. నా టోకెన్‌తో లాగిన్ అయి, యూఆర్ఎల్‌లో నా సభ్య సంఖ్య బదులు పక్కవారి సంఖ్య వేశాను. వాళ్లు తీసుకున్న పుస్తకాలన్నీ వచ్చాయి. సాఫ్ట్‌వేర్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ ఏపీఐ భద్రతా లోపాల జాబితాలో 2019లోనూ 2023లోనూ మొదటి స్థానం ఈ లోపానిదే. గేట్‌వేకి టోకెన్ నిజమైనదని తెలుసు, ఆ సంఖ్య ఎవరిదో తెలియదు. అది తెలిసేది నా కోడ్‌కే. టోకెన్‌లోని సభ్యుడు, యూఆర్ఎల్‌లోని సభ్యుడు ఒకరేనా అని చూసే నాలుగు లైన్లు ఫ్లాస్క్‌లో రాశాను. ఏ కోడ్ రాయకుండా తప్పించుకుందామని గేట్‌వే పెట్టానో, అందులో ఈ ఒక్క ముక్క మాత్రం రాయక తప్పలేదు.

ఈ దారంతా నడిచాక చూస్తే, నేను దాదాపు ప్రతిసారీ లోపలికి వెళ్లగలుగుతున్నానా అనే పరీక్షించాను. లోపాలన్నీ బయటపడింది, వెళ్లకూడనివాళ్లు ఆగుతున్నారా అని చూసినప్పుడే. అందుకే ఒక చిన్న పరీక్ష స్క్రిప్ట్ రాశాను. ప్రతి రూట్‌కీ కీ లేకుండా, తప్పుడు కీతో, వేరే గుంపు కీతో, గడువు తీరిన టోకెన్‌తో, పక్కవారి సంఖ్యతో కొడుతుంది. 401 రావాల్సిన చోట 401, 403 రావాల్సిన చోట 403 రాకపోతే డిప్లాయ్ (మార్పులను సర్వర్‌లో పెట్టడం) ఆగిపోతుంది. బయటి నెట్‌వర్క్ నుంచి 5000, 8001 పోర్ట్‌లు కూడా తట్టి చూస్తుంది.

రెండు వారాల కిందట మొబైల్ యాప్ రాసే స్నేహితుడు సభ్యుల సమీక్షల కోసం కొత్త రూట్ కలిపాడు. స్క్రిప్ట్ ఆపేసింది: 401 రావాల్సిన చోట 200. తప్పు అతనిది కాదు. నేను ప్లగిన్‌లను ఒక్కో రూట్‌కి విడివిడిగా తగిలించాను, అతను కొత్త రూట్‌కి తగిలించడం మర్చిపోయాడు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని యామల్ మార్చాం. ఒకే ఫ్లాస్క్ యాప్‌ను మూడు సర్వీస్‌లుగా రాశాం: అందరిదీ, సభ్యులదీ, సిబ్బందిదీ. జేడబ్ల్యూటీ సభ్యుల సర్వీస్‌కి, కీ-ఆథ్ సిబ్బంది సర్వీస్‌కి తగిలించాం. ఇప్పుడు సభ్యుల సర్వీస్ కింద ఎవరు ఏ రూట్ రాసినా టోకెన్ అడగడం దానంతట అదే వస్తుంది.

వచ్చే వారం కౌంటర్ ప్రోగ్రామ్ కీ మార్చాలి. కాంగ్‌లో ఒక కన్స్యూమర్‌కి ఒకేసారి రెండు కీలు ఉండొచ్చు. కొత్తది చేర్చి, కౌంటర్‌లో అది పనిచేస్తోందని చూసుకుని, పాతది తీసేస్తాను. తీసేశాక పాత కీకి 401 వస్తోందో లేదో చూసే లైన్ ఇప్పటికే స్క్రిప్ట్‌లో రాసి పెట్టాను.