పారాయణ: ఒడ్డు చేరే చదువు

‘పారం’ అంటే అవతలి ఒడ్డు, ‘అయనం’ అంటే వెళ్లడం. రెండూ కలిస్తే పారాయణ. ముందున్న రేఫ (ర అనే అక్షరం) వల్ల నకారం ణకారమైంది కాబట్టి ‘పారాయన’ అని రాయకూడదు. వ్యాకరణకర్త పాణిని నాటికే ఇది స్థిరపడ్డ మాట. వేదాన్ని ఆమూలాగ్రం వల్లించే విద్యార్థిని పారాయణికుడు అనడానికి ఆయన వ్యాకరణ గ్రంథం అష్టాధ్యాయిలో సూత్రమే ఉంది (5.1.72).

మంత్రాన్ని పదే పదే అనుకోవడం జపం. గ్రంథాన్ని మొదలుపెట్టి తుదముట్టించడం పారాయణ. అలా ఒకసారి పూర్తయితే ఒక ఆవృత్తి. లెక్క ఆవృత్తికి గాని పారాయణకు కాదు. సగంలో వదిలేసింది ఎన్ని రోజులు చదివినా పారాయణ అనిపించుకోదు, నది మధ్యలో ఆగిన పడవ లాంటిదే.

సుందరకాండకు ఈ మాట ఎంత చక్కగా అతికిందో! హనుమ సముద్రం దాటడంతోనే కథ మొదలు. ఇందులో సర్గలు, అంటే అధ్యాయాలు, 68. మన ఇళ్లలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి రోజుకు 7 సర్గల చొప్పున 68 రోజులు, అంటే 7 ఆవృత్తులు. చాలామంది తడబడేది పదో రోజున. తొమ్మిది రోజులకు 63 సర్గలవుతాయి, మిగిలినవి అయిదే. ఆ అయిదూ చదివి లేచిపోతే లెక్క తప్పుతుంది. అదే కూర్చోవడంలో రెండో ఆవృత్తి ఎత్తుకుని 1, 2 సర్గలు కూడా చదవాలి.

మొదటి సర్గ ఒక్కటే రెండు వందల శ్లోకాలకు పైన ఉంటుంది. అది 1, 10, 20, 30, 39, 49, 59 రోజుల్లో వస్తుంది. ఆ రోజుల్లో తెల్లవారుజామునే కూర్చోవడం మేలు. లేకపోతే తొందర పుడుతుంది. ఉచ్చారణ నియమాల గ్రంథం పాణినీయ శిక్ష చెప్పిన ఆరుగురు పాఠకాధముల్లో ‘శీఘ్రీ’, గబగబా చదివేవాడు, ఒకడు. ‘అనర్థజ్ఞుడు’, అర్థం తెలియనివాడు, మరొకడు. అందుకే ఆనాటి ఏడు సర్గల తాత్పర్యం ముందే ఒకసారి చూసుకోవాలి. అదే శ్లోకం ‘లిఖితపాఠకుణ్ణి’, రాసింది చూసి చదివేవాణ్ణి, కూడా తప్పుపట్టింది గాని అది వేదాధ్యయనానికి సంబంధించిన మాట. రామాయణాన్ని వ్యాసపీఠం మీద పుస్తకం పెట్టుకుని చదవడమే ఆచారం.

అరవై ఎనిమిదో రోజు వంతు 62 నుంచి 68 సర్గలు. అవి కాగానే యుద్ధకాండలోని పట్టాభిషేక సర్గ చదివి, స్వామికి అప్పాలు నివేదన చేసి, అప్పుడు పుస్తకం మూయాలి.