ప్రోస్టేట్ శస్త్రచికిత్స జరిగిన ఏళ్ల తరువాత కూడా మూత్రం ఆగకపోతే

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు విశాఖపట్నంలో గ్రంథిని తీయించుకుని శ్రీకాకుళం తిరిగి వచ్చిన మగవాళ్లం కలిసినప్పుడు క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూసే పీఎస్‌ఏ రక్తపరీక్షలో ఎంత వచ్చిందో చెప్పుకుంటాం కానీ, పంచె తడుస్తున్న సంగతి మాత్రం ఎవరమూ ఎత్తం. నాకు తెలిసిన ఒక పెద్దాయన ఆ భయంతోనే అరసవల్లి రథసప్తమి క్యూలో నిలబడటం మానుకున్నారు. వయసు మీద పడితే ఇంతేనని ఆయన సరిపెట్టుకోవడం నాకు చాలా బాధ కలిగించింది.

మూత్రాన్ని ఆపే కండరాలు రెండు చోట్ల ఉంటాయి. మూత్రసంచి మెడ దగ్గర మన ప్రమేయం లేకుండా పనిచేసే కండరం పట్టు గ్రంథితో పాటే చాలావరకు పోతుంది కనుక, మనం కావాలని బిగించగలిగే కింది కండరమే మొత్తం భారం మోయవలసి వస్తుంది. అందుకే దగ్గినా, తుమ్మినా, బియ్యం బస్తా ఎత్తినా చుక్కలు పడతాయి. చాలామందికి ఇది ఏడాదిలోపు తగ్గుతుంది. అయితే ప్రోస్టేట్ క్యాన్సర్ చికిత్సలను పోల్చి చూస్తూ బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ పరిశోధనలో శస్త్రచికిత్స వర్గంలో 6 నెలలకు 46 శాతం మంది తడి పీల్చుకునే ప్యాడ్లు వాడగా, 6 ఏళ్లకు 17 శాతానికి తగ్గిన ఆ సంఖ్య 12 ఏళ్లకు మళ్లీ 24 శాతానికి పెరిగింది. అంటే ఒకసారి కుదుటపడినవారు కూడా తరువాతి ఏళ్లలో దీనిని గమనించుకుంటూ ఉండాలి.

మన వాళ్లు చేసే పని నీళ్లు మానేయడం. విశాఖ బస్సులో రెండు గంటలకు పైగా కూర్చోవాలని పొద్దుటి నుంచి గొంతు తడుపుకోరు. దానివల్ల మూత్రం చిక్కబడి మూత్రసంచిని మరింత రేపుతుంది, మలబద్ధకం తోడై ముక్కవలసి వస్తుంది. ఉద్దానం కిడ్నీ జబ్బును కళ్లారా చూస్తున్న జిల్లాలో, ఎండల్లో ఈ అలవాటు నాకు మరీ భయం కలిగిస్తుంది. టీ, కాఫీలు తగ్గించుకోవచ్చు, నీళ్లు తగ్గించకూడదు.

మూత్రాన్ని ఆపే ఆ కింది కండరానికి బలమిచ్చే కటి కండరాల వ్యాయామాన్ని చాలామంది పొట్ట బిగించి, ఊపిరి బిగబట్టి చేస్తారు. గ్యాస్ పోకుండా ఆపుకునేటప్పుడు బిగిసే కండరాన్నే బిగించాలి. దగ్గు రాబోతోందనగానే ముందుగా బిగించడం అలవాటు కావాలి. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి సరిచూపించుకోవడం మంచిది.

ఏడాది దాటినా ప్యాడ్ తప్పకపోతే యూరాలజిస్టును సూటిగా అడగాలి. ఉన్నట్టుండి ఆపుకోలేనంత తొందర వస్తుంటే దానికి మాత్రలు వేరే ఉన్నాయి. కారడం కొద్దిగా ఉంటే మూత్రనాళానికి ఆసరాగా స్లింగ్ అనే పట్టీ వేస్తారు. రేడియేషన్ తీసుకున్నవారికి అది అంతగా పనిచేయకపోవచ్చు. ఎక్కువగా కారేవారికి మూత్రనాళం చుట్టూ నీటితో నిండే కృత్రిమ కవాటం అమర్చి, దానిని తెరిచే చిన్న పంపును వృషణాల సంచిలో ఉంచుతారు. కొన్నేళ్లకు అది అరిగితే మార్చవలసి రావచ్చు, ఖర్చూ ఎక్కువే. ఆ కవాటం ఉన్నవారు వేరే జబ్బుతో ఏ ఆసుపత్రిలో చేరినా, మూత్రానికి గొట్టం వేయకముందే ఆ సంగతి చెప్పాలి. కవాటాన్ని వదులు చేసి ఉంచకుండా గొట్టం తోస్తే మూత్రనాళం దెబ్బతింటుంది. రోగి చెప్పలేని స్థితిలో ఉండవచ్చు కనుక ఇంట్లోవాళ్లకూ ఇది తెలిసి ఉండాలి.