చీటీ మీద రాసింది ఐదు రోజులకే

నేను టైల్స్ మేస్త్రీని. మా ఊరు రాజాం దగ్గర, పనులు ఎక్కువగా విజయనగరంలో. ఏళ్ల తరబడి గొంతుక్కూర్చుని చేసే పని కదా, నడుం పట్టేసింది. డాక్టరు గారు నొప్పికి ట్రమడాల్ అనే మందు క్యాప్సూల్స్ రాశారు. 50 మిల్లీగ్రాములవి, పూటకొకటి, ఐదు రోజులకు. ఆయన తప్పేమీ లేదు.

నొప్పి తగ్గడం ఒక్కటే అయితే ఆరో రోజు మానేసేవాడినేమో. అది వేసుకున్న కాసేపటికి ఒంట్లోకి కొత్త సత్తువ వచ్చేది, మనసు తేలికయ్యేది. రోజుకు వంద అడుగుల టైల్స్ వేసేవాడిని నూట యాభై వేశాను. ఇంట్లోవాళ్లూ సంతోషించారు. అదే చీటీతో మళ్లీ కొన్నాను. 2018లోనే ఈ మందును మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. అయినా కొన్నాళ్లకు చీటీ అడగకుండానే స్ట్రిప్ చేతిలో పెట్టే షాపు ఒకటి దొరికింది. ఏడాది తిరిగేసరికి రోజుకు పన్నెండు మింగుతున్నాను. రోజు మొత్తానికి 400 మిల్లీగ్రాములు, అంటే ఎనిమిది దాటకూడదని అప్పటికి నాకు తెలీదు.

దొరకని రోజు నరకం. ఆవులింతలు ఆగవు, ముక్కు కారుతుంది, ఎండలో కూడా రోమాలు నిక్కబొడుచుకుంటాయి. విరేచనాలు, రాత్రంతా కాళ్ల పీకులు. జ్వరమని అందరికీ చెప్పేవాడిని. రెండు వేసుకుంటే ఆ జ్వరం పోయేది.

పైడితల్లమ్మ సిరిమాను పండక్కి మా అప్ప, అంటే అక్క, పిల్లలతో వచ్చింది. ఆ పొద్దున వంటింటి గుమ్మంలో ఫిట్స్ వచ్చి పడిపోయాను. తెలివొచ్చేసరికి నాలుక తెగి నోటినిండా నెత్తురు, తల అప్ప ఒళ్లో ఉంది. "ఏటయిందిరా నీకు?" అని అమ్మ ఒకటే ఏడుపు. ఏ మందులు వాడుతున్నాడని ఆసుపత్రిలో అడిగితే అప్ప ఇల్లంతా వెతికింది. బియ్యం డబ్బా అడుగున నేను దాచిన ఖాళీ స్ట్రిప్పులన్నీ కొంగులో మూటగట్టి తెచ్చి డాక్టరు టేబుల్ మీద గుమ్మరించింది. ఆ రేకుల గలగల ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. నాకు పిచ్చేంటండీ అన్నాను. ఆయన నెమ్మదిగా చెప్పారు: ట్రమడాల్ కూడా నల్లమందు జాతిదే; 2019లో కేంద్రం బయటపెట్టిన సర్వే ప్రకారం నల్లమందు జాతి మత్తు వాడేవాళ్లు దేశంలో 2 కోట్ల 26 లక్షల మంది, అందులో హెరాయిన్ తర్వాత ఎక్కువమంది వాడేది నేను మింగినలాంటి, షాపులో దొరికే మందులే. గంజాయి అయితే వాసనకైనా ఇంట్లోవాళ్లు పసిగడతారు. దీన్ని మా అమ్మే మంచినీళ్లతో అందించింది.

ఫిట్స్‌కు మందిచ్చి, ట్రమడాల్‌ను కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు. రెండో వారం నిద్ర పట్టక గోడకు తల కొట్టుకోవాలనిపించేది. అలాంటి ఒక రాత్రి మనసు బాగోనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ నంబరు 14416కు ఫోన్ చేశాను. అటువైపు తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడారు. డాక్టరు గారు అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఒకటుంది: మానేశాక శరీరానికి అంత మందు తట్టుకునే అలవాటు పోతుంది, ఎప్పుడైనా మనసు జారి పాత లెక్కలో మింగితే ఊపిరి ఆగిపోవచ్చు. ఆ మాట అప్ప ఎదుటే చెప్పించుకున్నాను.

నడుం నొప్పి ఇంకా ఉంది. పొద్దున్నే వ్యాయామాలు చేస్తాను, పనిలో గంటకోసారి లేచి నిలబడతాను. మళ్లీ వంద అడుగులే వేస్తున్నాను.

మొన్న పన్ను పీకించుకోవడానికి వెళ్లినప్పుడు, డాక్టరమ్మ పెన్ను తీయకముందే నా సంగతంతా చెప్పాను. వేరే మందు రాసింది. చీటీ అప్ప చేతికిచ్చి, బయట బెంచీ మీద కూర్చున్నాను.